శాలువా కప్పాక మాట్లాడమన్నారు

నాకు ముప్ఫై నాలుగేళ్లు. కాకినాడ పోర్టు దగ్గర బియ్యం ఎగుమతి చేసే ఆఫీసులో ఉద్యోగం. పెద్దాపురం నుంచి రోజూ బస్సులో వెళ్లి వస్తాను. ఇంటి కరెంటు బిల్లు నేనే కడతాను. ఆటిజం ఉన్నవాళ్ల తల్లిదండ్రుల సంఘం మీటింగుకి వెళ్తే మాత్రం నేను పాపని. "పాప టిఫిన్ చేసిందాండి?" అని నా పక్కన కూర్చున్న అమ్మని అడుగుతారు. చేశానండి అని నేనే జవాబు చెప్తే, ఎంత చక్కగా చెప్పిందో చూడండి అని మురిసిపోతారు. ఇడ్లీ తిన్నానని చెప్పినందుకు ఇంత మెచ్చుకోలు ఇంకెవరికీ దొరకదనుకుంటాను.

మొన్న ఎన్నికల ముందు ఆ సంఘం ఒకే కోరిక పట్టుకుని అభ్యర్థుల చుట్టూ తిరిగింది. తల్లిదండ్రుల తర్వాత పిల్లల్ని చూసే దిక్కుండదు కాబట్టి వాళ్లకొక హోమ్ కట్టించాలి. స్థలం కూడా చూసేశారు. రావులపాలెం దాటి లోపలికి వెళ్తే అరటితోటల మధ్య ఒక రైతు కుటుంబం ఇస్తానన్న ఎకరం. అక్కడికి బస్సు లేదు. ఆ మాటే అడిగితే సంఘం అధ్యక్షుడు గారు, బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి, నవ్వారు. "బస్సెందుకమ్మా, అక్కడే ఉంటారు కదా. చాలా ప్రశాంతంగా ఉంటుంది" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల భయం నాకు తెలియక కాదు. ఆయన కొడుకుకి పాతికేళ్లు, మాట్లాడడు. తాను పోతే వాడి గతేంటన్న దిగులుతో తిండి సయించడం లేదని ఆయనే ఒకసారి చెప్పారు. మా ఇంట్లో అయినా ఉన్నది అమ్మా నేనే, అమ్మకి అరవై దాటాయి. కానీ ఆ హోమ్‌లో ఉండాల్సింది ఆయన కాదు, నేను. నాకు కావలసింది నా ఇల్లు, నా ఉద్యోగం, అవసరమైనప్పుడు వచ్చి సాయం చేసే ఒక మనిషి. మమ్మల్ని గుంపుగా ఊరి బయట పెట్టే ముందు మాలో ఒక్కరినైనా అడగాలి కదా. ఒక అభ్యర్థి మా సంఘం సభకి వస్తానని ఒప్పుకున్నారు. ఆయన హామీ ఇవ్వకముందే ఆయనతో ఈ మాట నేను చెప్తానన్నాను.

"తప్పకుండా చెబుదురుగాని" అన్నారు అధ్యక్షుడు గారు. మా వైపు ఎవరూ మొహం మీద కాదనరు. తప్పకుండా అంటారు, అలాగేనండి అంటారు, కాఫీ ఇచ్చి గుమ్మం దాకా వచ్చి మరీ సాగనంపుతారు. నాలాంటివాళ్లకి మాట వెనక మాట అర్థం కాదని లోకమంతా అనుకుంటుంది. నాకు శుభ్రంగా అర్థమైంది. అర్థమయ్యే పట్టుబట్టాను. సభ దాకా రోజూ ఆయనకి ఫోన్ చేసి గుర్తుచేశాను.

కాకినాడలో ఒక కల్యాణ మండపంలో సభ. అభ్యర్థి ఆలస్యంగా వచ్చారు, ఆయనతో పాటు డప్పులూ టపాకాయలూ గుమ్మం దాకా వచ్చాయి. స్టేజీకి రెండు వైపులా నిలువెత్తు స్పీకర్లు. ఆటిజం ఉన్నవాళ్ల కోసం పెట్టిన సభ ఇది. సౌండు కాస్త తగ్గించమని మైకు అతన్ని బతిమాలితే "సారు మాట్లాడతారు కదండీ, వెనకాల దాకా వినపడాలండి" అన్నాడు. అధ్యక్షుడు గారి అబ్బాయి చెవులు మూసుకుని లేచి, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్లి, వాళ్ల కారు పక్కన నిలబడిపోయాడు. "వాడికి జనం పడరండి" అని వాళ్లమ్మ చుట్టూ ఉన్నవాళ్లకి సర్దిచెప్పింది. రేపు ఆ హోమ్‌లో అతను ఉండాల్సింది జనం మధ్యే. ఆ సంగతి ఆ హాల్లో ఎవరికీ తట్టలేదు.

అంతలో నా పేరు పిలిచారు, మాట్లాడమని కాదు, సన్మానానికి. సన్మానం వద్దండి, మైకు ఇవ్వండి చాలు అన్నాను. "ముందు శాలువా కప్పించుకోండమ్మా, తర్వాత మాట్లాడుదురుగాని. పద్ధతి కదా" అన్నారు అధ్యక్షుడు గారు. కప్పారు. జరీ అంచు మెడకి గుచ్చుకుంది. అభ్యర్థి నా భుజం మీద చెయ్యి వేసి ఫొటోల వైపు తిరిగారు. చెప్పకుండా ఎవరైనా ముట్టుకుంటే నాకు ఒంట్లో కరెంటు పాకినట్టుంటుంది. పళ్లు బిగబట్టి నిలబడ్డాను. నా భుజం మీద ఆ చెయ్యి ఉండగానే, రెండో చేత్తో మైకు పట్టుకుని ఆయన హోమ్ ప్రకటించేశారు. హాలంతా చప్పట్లు.

అయినా మైకు అడిగి తీసుకున్నాను. "నమస్కారమండి. నాకు ఆటిజం ఉంది. ఆ హోమ్‌లో ఉండాల్సినవాళ్లం మేమేనండి. మమ్మల్ని ఎవరూ అడగలేదు. నాకు అక్కడ ఉండటం ఇష్టం లేదు. దయచేసి ముందు మమ్మల్ని అడగండి" అన్నాను. ఒక్క మాట కూడా మింగలేదు.

మళ్లీ చప్పట్లు, ముందుకన్నా ఎక్కువ. మొదటి వరసలో ఒకావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అభ్యర్థి మైకు తీసుకున్నారు. "చూశారా, ఈ పాప ఎంత ధైర్యంగా మాట్లాడిందో. ఇలాంటి బిడ్డల కోసమే మన హోమ్" అన్నారు. వద్దన్నానండి అన్నాను. మైకు లేకపోవడం వల్ల అది నాకూ ఆయనకీ తప్ప ఎవరికీ వినపడలేదు. ఆయన నా తల నిమిరి ఇంకో సభకి వెళ్లిపోయారు.

భోజనాల దగ్గర అధ్యక్షుడు గారు నా పక్కకి వచ్చారు. "మీరు మాట్లాడగలరమ్మా, ఉద్యోగం చేసుకుంటున్నారు. మా వాడు అలా కాదు. వాడి తరఫున మీరెలా చెప్తారండి?" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"నేను అతని తరఫున చెప్పట్లేదండి. అతన్నే అడగమంటున్నాను. ఒకసారి ఆ తోటకి తీసుకెళ్లి కాసేపు ఉంచి చూడండి. ఇష్టమో కాదో మీకు తెలిసిపోతుంది. ఇందాక బయటికి ఎందుకెళ్లాడో మీకు తెలియలేదా?"

ఆయన వడ్డించే మనిషిని పిలిచి, "ఇక్కడ ఇంకో పూర్ణం బూరె వెయ్యండి" అన్నారు. నాకు ఏడుపు వచ్చింది. బూరె అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాను.

పెద్దాపురం బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని, ఆ శాలువాని మడతలు పెట్టి ఒళ్లో ఉంచుకుంది. నేను దారి పొడుగునా అధ్యక్షుడు గారినీ, అభ్యర్థినీ, మైకు అతన్నీ తిడుతూనే ఉన్నాను. సామర్లకోట దాటాక అమ్మ మెల్లగా అంది:

"వాళ్లనెందుకు తిడతావు. హోమ్‌లో నీకు గాలొచ్చే గది ఒకటి విడిగా ఉంచమని నేనే చెప్పాను."

"ఎవరికి చెప్పావు?"

"అధ్యక్షుడు గారికి. స్థలం ఖాయమైనప్పుడే."

హాల్లో అంతమంది చప్పట్లు కొట్టినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు.

"మరి నన్ను అడగలేదేంటమ్మా?"

అమ్మ శాలువా అంచు సరిచేసింది. "అడిగితే వద్దంటావు కదా" అంది.

"వద్దు" అన్నాను. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. అమ్మ వాళ్ల వైపు చూసి ఇబ్బందిగా నవ్వి, కాస్త మెల్లగా మాట్లాడమంది నన్ను.