రాసింది చదవలేని నవలా రచయిత

2022లో నేను ఎల్బీనగర్‌లో, ఒక మెడికల్ షాపు పైనున్న న్యూరో క్లినిక్‌లో స్పీచ్ థెరపిస్టుని. స్పీచ్ థెరపీ అనగానే నత్తి పోగొట్టడమే అనుకుంటారు చాలామంది. నిజానికి పక్షవాతం వచ్చి మాట, చదువు, రాత పోయినవాళ్లతోనే నా రోజంతా గడిచేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పేషెంట్ల దగ్గర మాత్రం ఎప్పుడూ ఒకటే పాట: "వస్తది, ఫికర్ చెయ్యకుండ్రి."

ఆ వానాకాలంలో, పక్షవాతం నుంచి తేరుకుంటున్న భాస్కరం గారిని ఆయన భార్య కామేశ్వరి గారు తీసుకొచ్చారు. కృష్ణా జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి కొత్తపేటలో స్థిరపడినవాళ్లు. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో చరిత్ర చెప్పి రిటైరైన ఆయన, నవలలు కూడా రాశారు. అప్పుడు రాస్తున్నది కొత్తపేట పండ్ల మార్కెట్ మీద. మార్కెట్ తరలిపోకముందు హమాలీల పక్కన కూర్చుని వాళ్ల కబుర్లు విన్నారు. మామిడి రకాల మీద, పాత బజార్ల మీద దొరికిన పుస్తకమల్లా చదివారు.

"మంచాల మీద పుస్తకాలు పడుకుంటాయండీ, మేం కింద పడుకుంటాం," అన్నారు కామేశ్వరి గారు. ఆయన నవ్వారు.

మాట బాగానే ఉంది. చెయ్యీ ఆడుతోంది. "ఏదన్నా రాయండి సార్," అన్నాను. ముత్యాల్లాంటి అక్షరాలతో నాలుగు వాక్యాలు రాశారు. "ఇప్పుడు చదవండి," అన్నాను. కాగితాన్ని దూరంగా పెట్టారు, దగ్గరగా పెట్టారు, కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఇదేం భాషమ్మా?"

"ఇప్పుడే మీరే రాసిన్రు కదా సార్."

"నేనా?"

దీన్ని ప్యూర్ అలెక్సియా అంటారు. కళ్లు బాగుంటాయి, చెయ్యి రాస్తుంది, కానీ కంటికి కనిపించిన అక్షరాన్ని మెదడు అక్షరంగా గుర్తుపట్టదు. ఆయనకు జ్ఞాపకశక్తి కూడా కాస్త దెబ్బతింది, నిన్న జరిగింది ఇవాళ ఉండదు. అంకెలు మాత్రం మిగిలాయి. బస్సు నంబరు చదువుతారు, పక్కనున్న ఊరి పేరు చదవలేరు.

ట్రేసింగ్ మొదలుపెట్టాను. అక్షరాన్ని వేలితో అరచేతిలో దిద్దితే, కన్ను గుర్తుపట్టనిది చెయ్యి గుర్తుపడుతుందని ఆశ. ఒత్తులూ గుణింతాలూ దిద్దుకుంటూ మాట చివరికి చేరేసరికి మొదలు మర్చిపోయేవారు. నేను ప్రతిసారీ నా పాటే పాడేదాన్ని.

"పోనీ నేను చదివి వినిపిస్తానంటే వద్దంటారండీ," అన్నారు కామేశ్వరి గారు.

"వింటే అది చదవడం ఎట్లా అవుతుందే? నచ్చినచోట ఆగాలి, వెనక్కి తిప్పాలి, పెన్సిలుతో గీత గీసుకోవాలి. పుస్తకమూ నేనూ తప్ప మధ్యలో ఎవరూ ఉండకూడదు," అన్నారాయన.

రాయడం మాత్రం మానలేదు. నవల పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించకపోవడం ఆయన పద్ధతి, భార్యకు కూడా. ఆవిడ ఆ కాగితాల జోలికి ఎన్నడూ వెళ్లలేదట. రోజూ చివరి పేజీ నంబరు చూసుకుని, కొత్త కాగితం మీద తర్వాతి నంబరు వేసి మొదలుపెట్టేవారు. "ఎంతవరకు వచ్చింది సార్?" అని అడిగితే ముఖం వెలిగిపోయేది. "సగం దాటిందమ్మా." చదవడం తిరిగి రాకపోయినా నవలైనా నడుస్తోంది కదా అని నేనూ సంబరపడ్డాను.

చలికాలంలో ఒకరోజు భార్యను బయట కూర్చోబెట్టి, కాగితాల కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"నా పంతం ఇంక చెల్లదమ్మా. ఇప్పటిదాకా ఏం రాశానో తెలియకుండా ముగింపు రాయలేను. మీరు చదవండి, వింటాను."

చదివాను. తెల్లవారుతుండగా మామిడికాయల లారీ మార్కెట్లోకి వస్తుంది. యాదయ్య అనే హమాలీ వెనక తలుపు దించి, గడ్డి తొలగించి, కాయ వాసన చూస్తాడు. అబ్బ, ఎంత బాగా రాశారో! ఇంకాస్త చదివేసరికి మళ్లీ తెల్లవారింది. మళ్లీ లారీ, మళ్లీ యాదయ్య, గడ్డి. మాటలు వేరు, తెల్లవారడం అదే. చదవడం ఆపేశాను.

"పేజీలు కలిసిపోయినట్టున్నాయి. కింద చూడండి," అన్నారు.

"నంబర్లు వరసగనే ఉన్నయి సార్."

కట్ట అడుగు నుంచి ఒకటి లాగాను. అక్కడా లారీయే.

"అంతా ఇదేనా?"

తలూపాను. ఆయన తన చేతిని చూసుకున్నారు.

"బాగుందా?"

"చానా మంచిగుంది సార్."

"అన్నిసార్లూనా?"

"అన్నిసార్లూ మంచిగనే ఉంది."

"అంటే ఇన్నాళ్లుగా ఒక్క కాయా దింపలేదన్నమాట."

నాకు ఏడుపొచ్చింది. అలవాటు కొద్దీ నోటికి అదే పాట వచ్చేసింది. "వస్తది సార్, జర టైం పడ్తది..."

"ఆ మాట మాత్రం అనకండమ్మా," అంటూ కాగితాలు సర్దుకున్నారు. "మీరన్నారనే రోజూ కూర్చుని రాశాను."

మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు నేనే ఫోన్ చేశాను. కామేశ్వరి గారు ఎత్తారు.

"పెన్ను ముట్టుకోవట్లేదండీ. బాల్కనీలో కూర్చుని బస్సుల నంబర్లు చదువుకుంటున్నారు."

ఆ తర్వాత నా గదిలోకి ఎందరో వచ్చారు. "వస్తుందా మేడం?" అని ఎవరు అడిగినా, నాకు తెలియదనే చెబుతున్నాను.