ఎంకపల్లికి తొమ్మిది సీట్ల బండి

మా పాత వ్యానును సీట్ల బండిగా మార్చడానికి షెడ్డుకిచ్చిన రోజే యాదమ్మ పుట్టింటికి వెళ్లిపోయింది. అందుకే ఈ ప్రయాణంలో నాకు రెండు పనులు. మొయినాబాద్ దగ్గరి షెడ్డులో బండి తీసుకోవాలి. అదే బండిలో ఎంకపల్లి పోయి నా భార్యను తెచ్చుకోవాలి.

శుక్రవారం ఉదయం ఆరున్నరకు ముడిమ్యాలలో షేర్ ఆటో ఎక్కి చేవెళ్లలో దిగాను. బస్టాండు పక్కన రెండు ఇడ్లీలు, ఒక చాయ్. ఇడ్లీ రాయిలా ఉంది, చాయ్ బాగుంది. ఏడుంబావుకు మెహిదీపట్నం బస్సు వచ్చింది. పొద్దున పూట డ్రైవరు వైపు కూర్చోకండి, ఎండంతా ముఖం మీదే.

పక్క సీటాయన ప్లాట్ల బ్రోకరు. చేతిలో లేఅవుట్ కాగితం చుట్ట.

"భూమున్నదా అన్న? సాఫ్ట్‌వేర్ సార్లు ఎకరాలకెకరాలు తీస్కుంటున్నరు" అన్నాడు.

"అమ్మేదేం లేదన్న. తెచ్చుకునేది ఉన్నది" అన్నాను. అతనికి అర్థం కాలేదు, కాసేపటికి నిద్రపోయాడు.

మా బండి సంగతి చెప్పాలి. నాలుగు చక్రాలూ లాగే వ్యాను అది. వానాకాలం బురదలోంచి కూడా టమాట డబ్బాలతో బయటికొచ్చేది. ఎనిమిదేళ్లు రోజూ తెల్లవారుజామున నేనూ యాదమ్మా అందులో మార్కెట్‌కు పోయాం. ముందు సీటు ఆమెది. నాకు కునుకు పడితే గిల్లేది. బజ్జీలు కొంటే పెద్దది తనే తినేది. తర్వాత బోరు ఎండింది, పక్క చేన్లు ప్లాట్లయ్యాయి. ఆఫీసులకు మనుషులను తిప్పే బండ్లకు గిరాకీ ఉందన్నారు. ఆమెను అడక్కుండానే తీసుకుపోయి షెడ్డులో పెట్టాను.

"మరి నేనేడ కూసోవాలె?" అని అడిగింది.

"నీకేం పని అండ్ల?" అన్నాను. నా నోరు అట్లాంటిది. మూడు వారాలుగా అన్నం నేనే వండుకుంటున్నాను. ఆ అన్నం గురించి అడక్కండి.

ఎనిమిదింటికి మొయినాబాద్‌లో దిగి, హిమాయత్‌నగర్ వైపు షేర్ ఆటోలో షెడ్డుకు చేరాను. మిస్త్రీ జహంగీర్ భాయ్ చివరి సీటుకు బోల్టులు బిగిస్తున్నాడు. వెనక రేకు కోసి జారే అద్దాలు పెట్టాడు. కప్పు జానెడు లేపాడు. డబ్బాలు పేర్చిన చోట రెగ్జిన్ సీట్లు, ఎక్కడానికి ఒక మెట్టు. గుర్తుపట్టలేకపోయాను.

"జుమ్మా నమాజుకు ముంగటనే తీస్కపో అన్న, బర్కత్ ఉంటది" అన్నాడు. శుక్రవారం బండికి మంచిదని మేమూ అంటాం. నిమ్మకాయలు తొక్కించి పదకొండింటికి బయలుదేరాను.

ఎంకపల్లిలో అత్తమ్మ మంచినీళ్లిచ్చి బండి చుట్టూ తిరిగి చూసింది.

"బండి మంచిగున్నది గాని, ఇయ్యాల శుక్రారం కొడుకా. ఆడిబిడ్డను ఎట్ల తోలియ్యాలె? ఇంట్ల లక్ష్మి పోయినట్టయితది."

బండికి మంచి రోజు చూసుకున్నాను, మనిషికి చూసుకోలేదు. మీలో ఎవరైనా అలిగిన భార్య కోసం పోతే వారం చూసుకొని పోండి.

యాదమ్మ బయటికొచ్చింది. చిక్కిపోయింది. చూడగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది. బండెక్కి, ఒక్కో సీటులో కూర్చొని చూసింది.

"మెట్టు నీకోసమే పెట్టించిన" అన్నాను. అది సగమే నిజం.

"సీట్లు మంచిగున్నయి. గాని అన్ని దిగిపోయేటోళ్ల సీట్లే" అంది.

"నువ్వు లేక పానం నిలుస్తలేదు యాదమ్మా. అడగకపోవుడు నా తప్పే."

మెట్టు మీద కాలు పెట్టి కిందికి దిగింది. "రేపు పొద్దుగాల ఏడింటికి రా. అవ్వ ఒడిబియ్యం పోసి నన్ను తోలిస్తది. ఆలస్యమైతే నేను రాను."

రేపు ఏడింటికే మెహిదీపట్నంలో ఒక ట్రావెల్స్ తరఫున నా మొదటి ట్రిప్పు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. అత్తమ్మ పెట్టిన జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని మూడింటికి తిరుగు దారి పట్టాను. చేవెళ్లలో ఎస్‌టీడీ బూత్ దగ్గర ఆగి ట్రావెల్స్ ఓనరుకు ఫోన్ చేశాను.

"రేపు బండి రాదన్న."

"మొదటి రోజే గిట్లయితే ఎట్ల? ఇంకో బండి పెట్టుకుంట."

"పెట్టుకోన్రి" అన్నాను. ఫోను పెట్టేసి బూత్‌లో డబ్బులు కట్టాను.

ఊరు దాటగానే ముగ్గురు కూలి ఆడవాళ్లు చెయ్యెత్తారు. ఆపాను. ఇద్దరు వెనక ఎక్కారు, పెద్దామె ముందు తలుపు తీసింది.

"అవ్వా, వెనక కూసో. గిది మా ఇంటామెది."

ఆమె సీటు వైపు చూసి, నా వైపు చూసింది. "ఏదీ, ఏడున్నది?"

"రేపొస్తది."

నవ్వుకుంటూ వెనక్కి పోయి కూర్చుంది. ముడిమ్యాల దాకా నా పక్క సీటు ఖాళీగానే వచ్చింది. ఎనిమిదేళ్లు తిరిగిన దారే, అంత పొడుగని అప్పటిదాకా నాకు తెలియదు.