ఆక్షన్‌ని యాక్షన్ అని చదివిన మనిషి

ఏలూరు కాలేజీలో మా ఇంగ్లీషు మాస్టారు ఒక వారమంతా మిడిమిడి చదువుకీ, ఊసుపోని కబుర్లకీ ఇంగ్లీషులో ఉన్న మాటలే చెప్పారు. స్మాటరింగ్ అంటే పైపైన తెలియడం. అదే పాండిత్యమనుకునేవాడు సయోలిస్ట్. ట్వాడిల్ అంటే ఉత్త వాగుడు. శనివారం పరీక్ష. ఆ వారమే మండవల్లి దగ్గర మా ఊరి నుంచి నాన్న కార్డు రాయించాడు. రేవు దగ్గర షెడ్డుకి ఇంగ్లీషు కాగితం అంటించారట, వచ్చి చదివిపెట్టమని. పరీక్ష అయ్యాక వస్తానని జవాబు రాశాను.

మా ఊళ్లో ఒకాయన తాడేపల్లిగూడెం రైసుమిల్లులో రెండేళ్లు పనిచేసి, ఇరవై ఇంగ్లీషు ముక్కలు పట్టుకొచ్చాడు. నేను రాకపోయేసరికి ఆయన్ని పిలిచారు. కాగితంలో ఆక్షన్ అని ఉంటే యాక్షన్ అని చదివాడు. దొంగవలలు వేసేవాళ్ల మీద సర్కారు యాక్షన్ తీసుకుంటుందనీ, మనకేం భయం లేదనీ చెప్పాడు. నిజానికి అది కొల్లేట్లో మావైపు చేపలు పట్టుకునే హక్కుకి వేలంపాట. ఏటా దండోరా వేసేవారు, ఆ ఏడు వెయ్యలేదు. మావాళ్లెవరూ వెళ్లలేదు. శుక్రవారం పై ఊరి కంట్రాక్టరొకడు పాట పాడేసుకున్నాడు.

ఆదివారం నేను వెళ్లేసరికి మా పడవ ఒడ్డున కట్టేసి ఉంది. తన సెలవు లేకుండా వల వెయ్యకూడదని కంట్రాక్టరు కబురు పంపాడట. నా ఒళ్లు మండిపోయింది. తిన్నగా ఆ కాగితం చదివినాయన అరుగు దగ్గరికి వెళ్లాను. నలుగుర్ని కూర్చోబెట్టుకుని మిల్లు కబుర్లు చెబుతున్నాడు. మీరు చదివింది తప్పండీ, అది పాట అన్నాను.

"ఒక్క అక్షరమే కదా బాబూ తేడా. నాకు తోచింది చెప్పాను," అన్నాడు.

నేర్చుకున్న తిట్లన్నీ ఇంగ్లీషులో ఆయన మొహానే అనేశాను. ఆయన తల ఊపుతూ అంతా విని, పక్కవాళ్లకేసి తిరిగాడు.

"చూశారా, కాలేజీ కుర్రాడు నాతో ఇంగ్లీషులోనే మాట్లాడతాడండీ."

వాళ్లు ఆయనకేసి గౌరవంగా చూశారు. ఆయన్ని జుట్టు పట్టుకుని కొల్లేట్లో ముంచాలనిపించింది.

ఇంటికొచ్చి నాన్న దగ్గర ఆయన్ని ఇంకా తిట్టాను. నాన్న వల మడత పెడుతూ తలెత్తలేదు.

"ఆయనకి సరిగ్గా రాదని నాకూ తెలుసు. వచ్చినవాణ్ణి నిన్ను రమ్మంటే పరీక్షన్నావు."

పరీక్షలో నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ ఏడాదంతా నాన్న కంట్రాక్టరు పడవ మీద కూలికి వల లాగాడు. మరుసటి ఏడు కాగితం నేనే చదివాను, పాట మావాళ్లకే వచ్చింది. నాన్న నాతో మామూలుగా మాట్లాడ్డానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది.