ఇసిద్రే పేరు మీద బండి

టెక్లాకు వంట రాదు. మా ఊరి ఆడవాళ్లు ఆమె గురించి మొదట చెప్పేది ఇదే కాబట్టి నేనూ ఇక్కడే మొదలుపెడుతున్నాను. పొయ్యి దగ్గర నిలబడే వయసంతా ఆమె కార్దెనెర్ ఏటి ఒడ్డున ఉన్న నూలు మిల్లులో, బండి కింద వంగి గడిపింది.

ఆ బండి తండ్రి బొనావెంతురాది. వరసగా కదుళ్లు బిగించిన, నూలు వడికే పొడవాటి బండి. బయటికి వస్తూ పోగులు సాగదీసి పురి పెడుతుంది, లోపలికి పోతూ చుట్టుకుంటుంది. దాని కింద దూరి, తెగిన పోగులు అతకడం టెక్లా పని. బండి నడిపేవాడు మగవాడై ఉండాలి, అతికేవాళ్లను సొంత ఇంట్లోంచే తెచ్చుకోవాలి. ఇది యజమాని పెట్టింది కాదు. తమ పనితనం బయటికి పోకూడదని వడికేవాళ్ల సంఘం పెట్టుకున్న కట్టుబాటు.

దూది దుమ్ము ముసలాయన ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఆఖరి ఏళ్లలో ఆయన దూది బేలు మీద కూర్చుని దగ్గుతుంటే టెక్లాయే బండి నడిపింది. అందరూ చూశారు, ఎవరూ చూడలేదు. ముసలాయన టోపీ అక్కడ కనిపిస్తే చాలు.

ఆమె మొగుడు ఇసిద్రే రిబ్బన్లు నేసేవాడు. రిబ్బన్లకూ మరమగ్గాలు వచ్చి అతని మగ్గం మూలపడింది. ఇక ఇంట్లో వంట అతనిదే. మధ్యాహ్నం వేడివేడి బుట్ట పట్టుకుని మిల్లు గేటు దగ్గరికి వచ్చేవాడు. అలా వచ్చే మొగుళ్లు మా ఊళ్లో ఇంకొందరూ ఉండేవాళ్లు. కానీ వడికేవాళ్లు ఊరుకుంటారా? ఆడదాన్ని పిలిచినట్టు పిలిచేవాళ్లు అతన్ని.

"ఏం వదినా, ఇవాళ ఉప్పుచేప నానబెట్టడం మర్చిపోలేదు కదా?"

"లేదు బావా. నీ ఇంట్లో పొయ్యి వెలగకపోతే చెప్పు, నీకూ ఓ గిన్నె తెస్తా."

నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు. పేరు పెట్టి మాత్రం ఎవరూ పిలిచేవాళ్లు కాదు.

ఆలివ్‌లు కోసే రోజుల్లో బొనావెంతురా చనిపోయాడు. మిల్లు మేస్త్రీ ప్లాసిద్ కబురు తెచ్చాడు.

"అమ్మాయ్, బండి నువ్వే నడుపుకో అన్నారు అయ్యగారు. కూలి మాత్రం ఆడకూలే."

అంటే మగవాడికి ఇచ్చేదాంట్లో సగం. సంఘం భగ్గుమంది. ఆడది బండి నడిపితే పని ఆపేస్తామన్నారు. ఇవాళ ఆమెకు సగం ఇస్తే రేపు తమకూ సగమే అన్నది వాళ్ల భయం. ఆ భయం అబద్ధం కాదు. టెక్లాకూ అది తెలుసు.

"నన్ను సంఘంలో చేర్చుకోమను. మగకూలి ఇస్తేనే ముట్టుకుంటానని అయ్యగారి మొహం మీదే చెప్తా" అంది ఇసిద్రేతో.

సంఘం కూడేది సారాయి కొట్టు వెనక గదిలో. అందులోకి ఆడవాళ్లు పోకూడదు. అందుకని ఆదివారం పూజ అయ్యాక ఇసిద్రేకు పెళ్లికోటు తొడిగి, చెప్పాల్సిన మాట మళ్లీ మళ్లీ చెప్పించి లోపలికి పంపింది. తను ఎదురుగా కుళాయి దగ్గర నిలబడింది.

అతను బయటికి వచ్చేసరికి భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది. దాన్ని తప్పించుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఏమన్నారు?"

"పని ఆపరంట. బండి మనింటివాళ్ల చేతిలోనే ఉంటుంది. కూలీ మగకూలే."

"చేర్చుకున్నారా నన్ను?"

ఇసిద్రే టోపీ తీసి చేతిలో తిప్పాడు. "నన్ను చేర్చుకున్నారు."

"నీకు బండి గురించి ఏం తెలుసయ్యా?"

"కింద నువ్వుంటావు కదా, చూసుకుంటుందిలే అన్నారు."

"నేను చెప్పమన్నది చెప్పావా?"

"మొదలుపెట్టా. మధ్యలో ఎవరో గ్లాసు చేతిలో పెట్టారు." టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. "ఇన్నాళ్లకి నన్ను పేరు పెట్టి పిలిచారు టెక్లా."

మా వీధిలో టెక్లా నోటికి జడవనివాడు లేడు. ఆ పూట మాత్రం ఆమె వెనుదిరిగి ఇంటి దారి పట్టింది.

కాదంటే ఏముంది? ఇంకొకడి బండి కింద, ఆడకూలికి దూరాలి. వాళ్లయినా సొంత ఇంటివాళ్లను కాదని ఆమెను పెట్టుకోరు. యజమానికీ నూలు త్వరగా కావాలి, గొడవ వద్దు. అతను మగకూలికి ఒప్పుకున్నాడు. అందరికీ కుదిరింది.

సోమవారం ఇసిద్రే బండి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ రొదలో మాట వినబడదు కాబట్టి టెక్లా కింద నుంచి గుర్తులు పెట్టింది. అతని కుడి కాలు తడితే ఆపాలి, ఎడమ కాలు గిల్లితే వదలాలి.

పొయ్యి కూడా ఇప్పుడు ఆమెదే. వడికేవాడు వంట చేస్తాడా? చీకటితో లేచి ఆమె ఉడికించినది పొద్దున్నే బుట్టలో మిల్లుకు వచ్చి, మధ్యాహ్నానికి చల్లారిపోతుంది.

"ఏం ఇసిద్రే, సెనగలేనా?" అని అడిగాడు మధ్యాహ్నం తిండి దగ్గర పక్కన కూర్చున్న వడికేవాడు.

"సెనగలే. బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నాడు ఇసిద్రే, అందరికీ వినబడేలా. మాడిన గింజ పంటి కింద కరకరమంది. తర్వాత గొంతు తగ్గించి టెక్లాతో అన్నాడు, "రేపటి నుంచి నేనే లేచి వండుతానే. తలుపు వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

"నీ వంట వాసన వేరేగా వస్తుంది. తెలుసుకుంటారు. తిను."

గంట కొట్టారు. అతను లేచి కోటు దులుపుకుని బండి దగ్గర నిలబడ్డాడు. టెక్లా నడుం వంచి కిందికి దూరింది. పోగులన్నీ ఒకసారి చూసుకుని, అతని ఎడమ కాలు గిల్లింది. బండి కదిలింది.