ఏడు గుంతల పెనం

మా ఆవిడ లీలావతి ఒక పట్టు పట్టిందంటే బ్రహ్మదేవుడు దిగివచ్చినా విడిపించలేడు. నలభై ఏళ్లు ఆపరేషన్ థియేటర్లలో మత్తు డాక్టరుగా చేసింది. ఎంతటివాళ్లనైనా పది లెక్కపెట్టేలోపు నిద్రపుచ్చేది. రిటైరయ్యాక నన్ను మాత్రం నిద్రపోనివ్వడం లేదు.

మూడేళ్ల కిందట, డాలర్ల దేశంలో మేముండే షామ్‌బర్గ్ ఊరి లైబ్రరీలో గోడమీద కాగితం ఒకటి చూసి కెవ్వుమంది.

"ఏవండీ, ఇటు చూడండి! మన పొంగణాల పెనం!"

నిజమే. ఏడు గుంతల ఇనప పెనం, అందులో గుండ్రంగా పొంగిన ఉండలు. స్కాండినేవియా దేశాల సంస్కృతిని ఇక్కడివాళ్లకు పరిచయం చేసే ఒక నార్డిక్ సొసైటీ ఏటా పెట్టే బ్రేక్‌ఫాస్ట్ ప్రకటన అది. డెన్మార్క్‌వాళ్లు వాటిని ఏబుల్‌స్కీవర్ అంటారట. మైదా, గుడ్లు, మజ్జిగ కలిపి పోసి, జామ్ అద్దుకుని తింటారట. నంద్యాల పిల్ల ఊరుకుంటుందా? ఆ వారమే మెంబరైపోయింది.

పొయ్యి దగ్గరికి రానిచ్చారా? అబ్బే! మూడేళ్లూ కుర్చీలు వేయడం, కుర్చీలు తీయడం. పెనం సిగ్రిడ్‌గారిది. ఎనభై ఆరేళ్ల స్వీడన్ పెద్దావిడ, ముప్పై ఏళ్లుగా దాన్ని ఇంకొకరి చేతికివ్వలేదు. లీలావతి ఇంటికొచ్చి, "ఒక్క వాయి, ఒకే ఒక్క వాయి వేయనిస్తే ఆవిడ సొమ్మేం పోతుందండీ?" అని కళ్లనీళ్లు పెట్టుకునేది.

ఈ ఏడు సిగ్రిడ్‌గారు మంచులో జారిపడి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. అయ్యో పాపం అన్నాను. మా ఆవిడా అయ్యో అంది గానీ, ఆ అయ్యోలో నాకు పెళ్లి బాజాలు వినిపించాయి. సొసైటీ ప్రెసిడెంట్ హాల్వర్ ఫోన్ చేశాడు. శనివారం ట్రయల్, సిగ్రిడ్‌గారు పక్కన నిలబడి చూస్తారు. ఆవిడ సరేనంటే మరుసటి ఆదివారం రెండొందల మందికి లీలావతే వండాలి. కాదంటే మళ్లీ కుర్చీలే.

శనివారం మా ఆవిడ ముందు, నెయ్యి సీసాతో నేను వెనక.

"బటర్ మాడిపోతుంది సిగ్రిడ్, ఇది మాడదు. మేం దీన్ని నెయ్యి అంటాం" అని ఇంగ్లీషులో పరిచయం చేసి, గుంతకో చుక్క వేసి పిండి పోసింది.

"నేయ్! నేయ్!" అన్నారు సిగ్రిడ్‌గారు.

మా ఆవిడ మొహం చాటంత అయింది. "చూశారా, అప్పుడే మన మాట పట్టేశారు!" అని గుంతకో చెంచా వేసింది.

"నేయ్, నేయ్, నేయ్!" పెద్దావిడ కట్టు కట్టిన చేయి ఊపేస్తున్నారు.

"అబ్బ, ఎంత ఆశో పాపం!" అంటూ మా ఆవిడ సీసా వంచేసింది. ఏడు గుంతలూ ఏడు చెరువులయ్యాయి.

హాల్వర్ పరుగెత్తుకొచ్చాడు. "లీలా, స్టాప్! స్వీడిష్‌లో నేయ్ అంటే నో!"

మూడేళ్లలో ఆ మాట మా ఆవిడ చెవిన పడనే లేదు. ఎలా పడుతుంది? కుర్చీలు మోసేవాళ్లను ఎవరైనా వద్దంటారా?

నాకు నవ్వు తన్నుకొచ్చింది. మా ఆవిడ మొహం చూడగానే ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు. అయినా ఆవిడ చెయ్యి మాత్రం ఆగలేదు. వాళ్ల పద్ధతి ప్రకారమే, స్వెట్టర్లు అల్లే సూదితో ఒక్కోదాన్నీ తిప్పింది. నలభై ఏళ్లు సూది పట్టిన చేయి మరి! ఏడూ బంగారు రంగులో కరకరలాడుతూ లేచాయి.

సిగ్రిడ్‌గారు మూతి ముడుచుకుని ఒకటి తీసుకున్నారు. నమిలారు. రెండోది తీసుకున్నారు. హాల్వర్ చేయి చాపాడు. వాడికివ్వకుండా మూడోదీ తనే తిన్నారు. వేళ్లు నాక్కుని, ఖాళీ గుంతలవైపు చూపించి, "నేయ్" అన్నారు.

లీలావతి సీసాను గుండెలకు హత్తుకుని, బిక్కుబిక్కుమంటూ, "ఇన్ విచ్ లాంగ్వేజ్?" అని అడిగింది.

సిగ్రిడ్‌గారు కొక్కేనికి వేలాడుతున్న తన ఏప్రాన్ ఎడమచేత్తో తీసి మా ఆవిడ మెడలో వేశారు.

"యువర్స్" అన్నారు.

ఆదివారం కుర్చీలెవరు వేశారంటారా? ఇంకెవరు, నేనే!