తువ్వాలు విసిరిన చెయ్యి

ఆ సెలూన్ బోర్డు మీద ఏదో పేరుండేది గాని ఎవరూ చదివేవారు కాదు. అందరికీ అది తువ్వాలు షాపు, దాని యజమాని తువ్వాలు. ఆ పేరు పెట్టింది పరాయివాళ్లు కాదు, సొంత బావ. అక్క మొగుడు. ప్రేమతో పెట్టిన పేరు మాత్రం కాదు.

ఆదివారం పొద్దున్నే ఆ బావ వచ్చి మధ్య కుర్చీలో కూర్చునేవాడు. ఒకప్పుడు హెవీవెయిట్ బాక్సర్. ఆయన బరువుకి కుర్చీ ఇప్పటికీ కిర్రుమనేది. చేతులు వణకడం మొదలయ్యాక తన గడ్డం తను గీసుకోలేకపోయేవాడు. ఇంకో షాపుకి పోవడానికి మనసొప్పేది కాదు. అందుకని, ప్రపంచంలో తాను అందరికంటే ఎక్కువగా అసహ్యించుకునే మనిషికే మెడ అప్పగించి, తీరిగ్గా తిట్టడం మొదలుపెట్టేవాడు.

తిట్టడానికి సాకు ఎప్పుడూ ఒకటే. హెవీవెయిట్ బాక్సింగ్‌లో ఏ కాలం గొప్పది?

“అలీ, ఫ్రేజర్, ఫోర్‌మన్. ఆ తర్వాత దుకాణం కట్టేశారు,” అనేవాడు బావ నురగలోంచి.

“టైసన్, హోలీఫీల్డ్, లూయిస్. అంతకుముందు దుకాణం తెరవనే లేదు,” అనేవాడు తువ్వాలు.

“పదిహేను రౌండ్లు రా! మీవాళ్లు పన్నెండుకే ఇంటికెళ్లి పాలు తాగి పడుకుంటారు.”

“మావాళ్లు ఒక్కొక్కడు తలుపంత ఉంటాడు. మీ ఫ్రేజర్ వాళ్ల చంకలోంచి దూరిపోతాడు.”

“దూరిపోతూ డొక్కలో ఒక్కటిస్తాడు. ఇస్తే ఏముందిలే, మీవాళ్ల మూలలో ఎవడో ఒక పిరికి సన్నాసి రెడీగా ఉంటాడుగా, తువ్వాలు పట్టుకుని.”

వాదన ఎక్కడ మొదలైనా చివరికి ఆ తువ్వాలు దగ్గరికే చేరేది. మా వాడి తరఫున ఇక చాలు అని చెప్పడానికి రింగు మూలలో ఉండే బాక్సర్ సొంత మనుషులు రింగులోకి తువ్వాలు విసురుతారు. పోటీ అక్కడితో ఆగిపోతుంది. ఓడిపోయినట్టే లెక్క. బావ చివరి పోటీలో అది విసిరింది బామ్మర్దే.

పక్కనే నా పాత పుస్తకాల కొట్టు. పుస్తకం చదువుతున్నా చెవి గోడకే ఉండేది. ఆదివారాలు వాళ్ల మాటల మధ్యలో పేజీ తిప్పడం మర్చిపోయేవాణ్ణి.

తువ్వాలు వాళ్లక్క ఒక్క ముక్కలో తేల్చేసేది. “వీళ్లిద్దరి గొడవ చూసినవాళ్లు ఆ అలీ, ఫ్రేజర్లు మాకు దగ్గర చుట్టాలనుకుంటారు.” అలా నవ్వుతూ అనడానికి ఆవిడకి చాలా కాలం పట్టింది. ఆ పోటీ అయ్యాక ఎన్నో ఏళ్లు తమ్ముడి గుమ్మం తొక్కలేదు. “నా మొగుణ్ణి నలుగురిలో తలదించుకునేలా చేశావు,” అన్నదట, వెళ్లిపోతూ.

ఆ రోజు జరిగింది నాకు తెలుసు. వాళ్ల మూలలో బకెట్ పట్టుకున్నది నేనే. బాక్సింగ్ మీద మోజుతో కాదు, చెయ్యి తక్కువైందని పిలిస్తే వెళ్లాను. పాత గోదాములో వేసిన రింగు. చుట్టూ చెక్క బెంచీలు, పైన రేకులు, చెమట వాసన. బామ్మర్ది పని గాయాలు చూడటం. గడ్డం గీసేటప్పుడు తెగితే పటిక అద్ది రక్తం ఆపడం చిన్నప్పుడే వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు. ఆ చేతివాటం రింగులో బాగా పనికొచ్చింది. ఎవరి కనుబొమ చిట్లినా, రౌండుకీ రౌండుకీ మధ్య ఉండే ఆ నిమిషంలో దూదితో తుడిచి, బొటనవేలితో నొక్కిపట్టి, వ్యాజలిన్ పూసి పంపేవాడు. అతని కోసం పక్క ఊళ్లనుంచి కూడా మనుషులు వచ్చేవారు.

బావ కనుబొమ ఏడో రౌండులో చిట్లింది. స్టూలు మీద కూర్చోబెట్టగానే తువ్వాలు పని మొదలుపెట్టాడు. రక్తం ఆగింది. నా కళ్లతో చూశాను. తడి దూదితో ముఖమంతా తుడిచేశాడు కూడా. అప్పుడు బావ అతని వైపు తిరిగి, చిన్నపిల్లాడి గొంతుతో అడిగాడు:

“అమ్మ ఇంకా మెలకువగానే ఉందా? లేటయిందని తిడుతుందేమో.”

బావ వాళ్లమ్మ పోయి అప్పటికి చాలా కాలమైంది.

గంట కొట్టారు. బావ లేచి నిలబడ్డాడు. బామ్మర్ది ఆయన తల మీదుగా తువ్వాలు విసిరేశాడు. గోదామంతా బూతులు. అరటితొక్కలు, చెప్పులు మా మీద పడ్డాయి. లోపల గదిలో బావ తేరుకుని కాలర్ పట్టుకున్నాడు. “గెలుస్తున్నాను కదరా! ఎందుకాపావు?”

“రక్తం ఆగలేదు బావా,” అన్నాడు తువ్వాలు.

ఆ మాటే నిలిచిపోయింది. రక్తం ఆపడం చేతకాని చెయ్యి. మళ్లీ ఏ మూలకీ ఎవరూ పిలవలేదు. గడ్డానికి వచ్చినవాళ్లు కూడా, “జాగ్రత్తయ్యోయ్, నీ చేతిలో తెగితే ఆగదట,” అని పరాచికాలాడేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఉన్నమాట ఎందుకు చెప్పవని.

“అంత మనిషి అమ్మని తలుచుకున్నాడని బయటికొస్తే, జీవితాంతం వెనకాల ‘అమ్మా, అమ్మా’ అని వెక్కిరిస్తారు. నాదేముందండీ, జుట్టు పెరగడం ఆగదు కదా,” అన్నాడు.

అన్నాడే గాని, ఆ పని పోయిన బాధ పోలేదు. అద్దం కింద అరలో పాత రేకు డబ్బా ఉండేది. అందులో దూది, వ్యాజలిన్, వాపు మీద అదమడానికి ఇనప ముక్క. షాపు ఖాళీగా ఉన్నప్పుడు ఆ ఇనప ముక్కని చొక్కా అంచుతో తుడుస్తూ కనిపించేవాడు.

ఒక ఆదివారం, బావ కుర్చీలో ఉండగా, కొత్తగా పెట్టిన బాక్సింగ్ క్లబ్బు కోచ్ లోపలికొచ్చాడు. మర్యాదస్తుడు. వచ్చే నెల పోటీలున్నాయనీ, గాయాలు చూసే మనిషి కావాలనీ, పాతవాళ్లెవరో ఈ పేరు చెప్పారనీ అన్నాడు. తువ్వాలు చేతిలో కత్తి గాల్లోనే ఆగిపోయింది. నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను.

“ఎవరినీ? వీణ్ణా?” అన్నాడు బావ. “ఏం నాయనా, మీ కుర్రాళ్ల మీద అంత కక్ష దేనికి?”

“అదేంటండీ?”

“వీడి చేతిలో రక్తం ఆగదు. ఆగేదాకా ఓపికా ఉండదు. తువ్వాలు విసిరేసి ఇంటికి పోతాడు. ముందు నువ్వొకటి చెప్పు. ఏ కాలం గొప్పది?”

కోచ్‌కి మా ఆదివారాల సంగతి తెలీదు పాపం. “అలీ, ఫ్రేజర్ల మూడో పోటీకి మించింది నేను చూడలేదండీ,” అన్నాడు.

“విన్నావురా? చదువుకున్నవాడు చెబుతున్నాడు!”

“ఆ పోటీలో కూడా చివరి రౌండుకి ఫ్రేజర్‌ని వాళ్ల కోచే లేవనివ్వలేదు కదండీ. కళ్లు కనబడటం లేదని,” అన్నాడు కోచ్.

“వాడూ ద్రోహే!” అంటూ బావ కుర్చీ చేతిని గుద్దాడు. “ఒక్క రౌండు! ఒక్క రౌండు మిగిలింది. ఫ్రేజర్ లేస్తానన్నాడా లేదా? మనిషి నిలబడతానంటే కూలదోసేది అవతలివాడు కాదు, మూలలో ఉన్న సొంతవాడు. ఇదిగో, నన్ను చూడు.”

చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ తొడుగు వేసిన ఫొటో తీశాడు. అప్పటి పేపర్లో వచ్చింది. గాల్లో తువ్వాలు, దాని కింద బావ. ఈ ఫొటో చూడనివాడు మా వీధిలో లేడు. “కాళ్లు చూడు. వంగాయా? వణుకుతున్నాయా? స్తంభంలా నిలబడ్డాను. నన్ను ఓడించారు!”

అందరూ ఆయన చూపించినట్టు కాళ్లే చూసేవారు. కోచ్ మాత్రం దాన్ని వెలుతురు వైపు తిప్పి, ముఖం చూశాడు.

“రక్తం లేదే,” అన్నాడు.

“ఏంటి?”

“మీ ముఖం మీద చుక్క రక్తం లేదండీ. ఇంత శుభ్రంగా మూసేశాక…” తువ్వాలు వైపు తిరిగాడు. “మరి ఎందుకు ఆపారు?”

ఎన్నడో పోయిన పేరు ఇప్పుడు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఒక్క మాట చెబితే చాలు, రేకు డబ్బా తీసుకుని ఆ కోచ్ వెంట నడిచిపోవచ్చు. తువ్వాలు నా వైపు చూశాడు. నేను నోరు తెరవబోతున్నానేమోనని ఆ చూపు. తర్వాత కత్తిని తోలుపట్టీ మీద రెండుసార్లు సానబట్టాడు.

“భయమేసిందండీ,” అన్నాడు.

“దేనికి?”

“అక్క మొగుడు కదా. చూడలేకపోయాను.”

“చూశారా! చూశారా!” బావ గొంతు వీధి చివరికి వినిపించింది. “ఇన్నాళ్లూ రక్తం రక్తం అని నా చెవిలో పువ్వు పెట్టాడు. ఇదీ అసలు సంగతి! వెన్నెముక లేని వెధవ! నీ భయానికి నా బతుకు బలి చేశావు కదరా! నిన్ను బామ్మర్దివని ఇంటికి రానిచ్చినందుకు నన్ను అనాలి!”

కోచ్ ఇబ్బందిగా కదిలాడు. “మీ చెయ్యి మంచిదే మాష్టారూ. కాకపోతే మూలలో నిలబడేవాడికి గుండె నిబ్బరం కావాలి. సరే, కబురు చేస్తాను,” అన్నాడు. ఆ గొంతులోనే తెలిసిపోయింది, కబురు రాదని. రాలేదు కూడా.

అతను వెళ్లాక బావ ఇంకాసేపు తిట్టాడు. తిట్లు ఒక్కొక్కటే పలచబడ్డాయి. ఒకవైపు గీసిన చెంప, ఇంకోవైపు ఎండిపోతున్న నురగ. ఒళ్లో ఫొటో. ఈసారి కాళ్లు చూడటం లేదు. చాలాసేపు తన ముఖాన్నే చూసుకున్నాడు.

“ఒరేయ్,” అన్నాడు. తువ్వాలు అని పిలవలేదు. “స్టూలు మీద కూర్చున్నాక నేనేమన్నా అన్నానా ఆ రోజు?”

“తల కదపకు బావా. కత్తి మెడ మీదుంది.”

“ఆ నిమిషం నాకు గుర్తులేదు. కూర్చోవడం గుర్తులేదు, లేవడం గుర్తులేదు. ఎప్పుడూ లేదు. ఏమన్నాను?”

“నీళ్లడిగావు.”

“నీళ్లేనా?”

“నీళ్లే.”

బావ అద్దంలోంచి బామ్మర్ది కళ్లలోకి చూశాడు. అవతలివాడు కళ్లు దించలేదు. బావ ఫొటోని మడతపడుతుందని కూడా చూడకుండా జేబులో కుక్కాడు.

“దొంగ వెధవ,” అన్నాడు. గడ్డం పైకెత్తి, మిగిలిన మెడ చూపించాడు.