ఎస్తేరు టీచరు అంటించిన ప్లాస్టర్

మా హాస్టల్ మెస్సులో ఆదివారం మధ్యాహ్నం పులావు చేస్తారు. మొన్న అది తింటూ చూసుకోకుండా ఒక లవంగాన్ని కొరికేశాను. నోరంతా మంట, కళ్ళలో నీళ్ళు. పక్కన కూర్చున్న తమిళ అమ్మాయి జాలిపడి మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు తోసింది. నాకు మాత్రం ఆ లవంగంలో ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఇంకొకటి వెతుక్కుని మరీ కొరికాక అర్థమైంది, తక్కువైంది సుద్దముక్క రుచి. నేనెరిగిన లవంగాలు సుద్దముక్కల డబ్బాలో ఉండేవి. పాట మొదలుపెట్టే ముందు మనిషికొకటి చొప్పున ఎస్తేరు టీచరు పంచేవారు. అందరి పెదవులకూ తెల్లపొడి అంటుకునేది, పిండివంటలు దొంగతనంగా తిని దొరికిపోయిన వాళ్ళలాగా. ఆవిడ సంగీతం టీచరు కాదు, కోదాడలో లెక్కల టీచరు. అయినా ఇవాళ నేను చెన్నైలో సంగీతం ఎం.ఏ. చదువుతున్నానంటే అది ఆవిడ చలవే.

ఆవిడ దగ్గరికి నేను చేరింది ఒక పెద్ద అవమానం మూటగట్టుకుని. హైదరాబాదులో డిగ్రీ చివరి పరీక్ష కచేరీకి నేను ఆరు శృతి పెట్టించుకున్నాను. శృతి అంటే పాట ఎంత ఎత్తు నుంచి మొదలవుతుందో చెప్పే లెక్క. నా గొంతుకు ఐదే ఎక్కువ. కానీ నాకంటే ముందు పాడిన అమ్మాయి ఆరులో పాడి చప్పట్లు కొట్టించుకుంది, నేను తగ్గుతానా? పల్లవి ఎలాగో గడిచింది. చరణంలో పై షడ్జం అనే ఎత్తైన స్వరం దగ్గర గొంతు చీలి, కోడిపుంజు కూతలాంటిది ఒకటి బయటికి వచ్చింది. మృదంగం ఆయన వాయించడం మానేసి, అది నా నోట్లోంచే వచ్చిందా అన్నట్టు చూశాడు. ఆ మార్కులతో ఎం.ఏ. సీటు పోయింది. సూర్యాపేటకు తిరిగొచ్చి, ఇక జన్మలో పాడనని ఇంట్లో ప్రకటించాను.

మా నాన్న బస్సు కండక్టరు. తిరుమలగిరి దగ్గర గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టినవాడు. ఓదార్చడం ఆయనకు చేతకాని పని, అయినా ప్రయత్నించాడు.

"గింతదానికేనా బిడ్డా? మీ తాత గొర్లను పిలిసి పిలిసి దినాం గొంతు పోగొట్టుకుంటుండె. ఒక్క గొర్రన్న నవ్విందా?"

"పరీక్షకు వచ్చింది గొర్లు కాదు నాయినా!" అని గయ్యిమన్నాను. పాపం, ఆయన టిక్కెట్ల సంచి భుజాన వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఏడాది ఖాళీగా కూర్చోలేక కోదాడలో ఒక ప్రైవేటు బడిలో సంగీతం టీచరుగా చేరాను. రోజూ సూర్యాపేట నుంచి బస్సులో వెళ్ళిరావడం. పిల్లలకు కీబోర్డు మీద స్వరాలు వాయించి చూపించేదాన్ని గానీ నోరు మాత్రం విప్పేదాన్ని కాదు. రెండో వారంలో స్టాఫ్ రూములో ఎస్తేరు టీచరు నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. యాభై దాటిన మనిషి, జేబురుమాలుకు బదులు డస్టరు పట్టుకు తిరిగేవారు. చీర కొంగు మీద ఎప్పుడూ ఒక సుద్ద గీత ఉండేది.

"ఏమ్మా మంజులా, సంగీతం పట్టా ఉందంట గదా. శనివారం సాయంత్రం మా చర్చి పాటల వాళ్ళకు కీబోర్డు వాయిస్తావా? వాయించే ఆయన దుబాయి పోయాడు."

"మాది చర్చికి పోయే ఇల్లు కాదు టీచర్."

"ఆ సంగతి కీబోర్డుకు తెలియదులే."

"నేను పాడను కూడా టీచర్. ముందే చెప్తున్నా."

"నిన్ను పాడమని ఎవరడిగారు? వేళ్ళు కావాలి నాకు. ఖాళీగానే ఉన్నాయిగా?"

నిజం చెప్పొద్దూ, నాకు రోషం వచ్చింది. పాడనని నేను అనొచ్చు, అక్కర్లేదని ఇంకొకరు అంటే ఎలా? ఆ రోషంతోనే శనివారం వెళ్ళాను.

ఇరవై మంది దాకా వచ్చారు. పొలం పనుల నుంచి నేరుగా వచ్చిన కూలీలు, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, ఒక లైన్‌మాన్. లవంగాలు పంచడం అయింది. నేను నా చదువంతా చూపిద్దామని ఫోనులో శృతి పెట్టి అందరి ముందూ ఎత్తి పట్టుకున్నాను.

"ఫోను లోపల పెట్టమ్మా," అన్నారు టీచరు. "శృతి ఇంకా రాలేదు. ఆటోలో వస్తున్నాడు."

నేను ఏదో విరిగిన వాయిద్యాన్ని బాగుచేయించి తెస్తున్నారనుకున్నాను. ముప్పావుగంట తర్వాత అనంతగిరి నుంచి షేర్ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి డెబ్బై దాటిన ఒక ముసలాయన కర్ర పట్టుకుని మెల్లగా దిగాడు. ఆయనే దేవదానం తాత. బతుకంతా వ్యవసాయ కూలీ. వచ్చి బెంచీ మీద కూర్చుని, లవంగం బుగ్గన పెట్టుకుని, గొంతు సవరించుకుని "ఊఁ..." అన్నాడు.

"అదీ శృతి. పట్టుకో," అన్నారు టీచరు నాతో.

ఆ "ఊఁ" కీబోర్డు మీద ఏ మెట్టుకూ సరిగ్గా అందలేదు. రెండు మెట్ల సందులో ఎక్కడో ఉంది. ఎలాగో దగ్గరి మెట్టు పట్టుకున్నాను. తాతకు జలుబు చేసిన వారం ఇరవై మందీ జలుబు శృతిలోనే పాడేవారు. మూడో వారానికి నాకు ఓపిక నశించింది. బడిలో ఆవిడను నిలబెట్టి అడిగేశాను, "ఒక్క తాత కోసం అందర్నీ కిందికి దించుతారేంటి టీచర్? ఆ అంగన్‌వాడీ అక్కలు ఎంత పైకైనా పాడగలరు."

ఆవిడ నన్ను ఖాళీ తరగతి గదిలోకి తీసుకెళ్ళి, నల్లబల్ల మీద 8, 12, 20 అని రాసి సుద్దముక్క నా చేతికిచ్చారు.

"గసాభా చెయ్యి."

"అది ఎప్పుడో మర్చిపోయాను టీచర్."

పాట మర్చిపోయానన్నా క్షమించేవారేమో. గసాభా మర్చిపోయానంటే ఆవిడ ముఖం మాడిపోయింది. ఆరో తరగతి నుంచి మొదలుపెట్టి చెప్పారు. నాలుగు అని జవాబు వచ్చేదాకా వదల్లేదు. కిటికీలోంచి నా శిష్యులు చూస్తున్నారు, అదొక పరువు నష్టం.

"ఇరవై పెద్దది గదా అని ఇరవై రాస్తావా? అందర్నీ భాగించేదేదో అది రాయాలి. తాత నోరు మూసుకుంటే మేం పంతొమ్మిది మందిమి బాగానే పాడతాం. ఆదివారం చర్చిలో మేం పాడుతుంటే ఆయన ఏం చెయ్యాలి మరి?"

నాకు నచ్చలేదు. లెక్కల వాళ్ళకు సంగీతం ఏం తెలుస్తుంది అనుకున్నాను. ఆ నచ్చకపోవడం లోపలే ఉండిపోయి, చలి తగ్గుతున్న రోజుల్లో మిర్యాలగూడలో బయటపడింది.

అక్కడ చుట్టుపక్కల చర్చిల పాటల పోటీ. మేమంతా ఒక వ్యాను మాట్లాడుకుని, పులిహోర డబ్బాలతో వెళ్ళాం. మా కంటే ముందు హాలియా వాళ్ళు ఎక్కారు. అందరికీ ఒకే రంగు నీలం చీరలు, ఆకాశానికి నిచ్చెన వేసినట్టున్న గొంతులు. హాలు మారుమోగిపోయింది. నాకు పరీక్షనాటి ఆ అమ్మాయి గుర్తొచ్చింది. కడుపు మండింది. నేను వాయించే బృందం వీళ్ళ కంటే కింద పాడటమా? కీబోర్డులో ఒక మీట ఉంటుంది. దాన్ని ఒకసారి నొక్కితే పాట మొత్తం అరమెట్టు పైకి జరుగుతుంది. ఎవరూ చూడకుండా నాలుగుసార్లు నొక్కాను.

పోటీలో శృతి ముందు కీబోర్డే ఇవ్వాలి, ఆ తర్వాత పాటలో మొదటి చరణం తాత ఒక్కడే పాడాలి. పాపం, ఎంత నమ్మకమో ఆయనకు కీబోర్డు మీద, నా మీద. నేను ఇచ్చిన చోటు నుంచే ఎత్తుకున్నాడు. రెండో మాట దగ్గరే గొంతు చీలింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. నాది కూడా అచ్చం అలాగే చీలింది. తాత ఆగిపోయి, తప్పు తనదే అన్నట్టు జనం వైపు చూసి నవ్వాడు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది.

ఎస్తేరు టీచరు మైకు అందుకున్నారు. "అయ్యా, లెక్క తప్పింది. కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి చేస్తాం," అన్నారు, నల్లబల్ల ముందు నిలబడ్డంత తాపీగా. తర్వాత నా వైపు తిరిగి, "కీబోర్డు ఆపెయ్యమ్మా. తాతా, నువ్వు ఎత్తుకో."

తాత తన "ఊఁ" అన్నాడు. తన చోటు నుంచి పాడాడు. వెనకాల పంతొమ్మిది మంది అందుకున్నారు. నా చేతులకు పని లేదు. సిగ్గుతో తల వంచుకుని నిలబడ్డదాన్ని, ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు, నేనూ పాడుతున్నాను. ఎనిమిది నెలల తర్వాత పాడుతున్నాను. నేనెప్పుడూ అడుగుపెట్టని కింది స్వరాలవి. అక్కడ నాకు ఇంత గొంతు ఉందని నాకే తెలియదు. ఏడుస్తూ పాడాను, ఒక్క స్వరం కూడా చీలలేదు.

మాకు ప్రోత్సాహక బహుమతిగా గోడగడియారం ఇచ్చారు. అది నడవలేదు, అది వేరే సంగతి. తిరుగు ప్రయాణంలో వ్యానులో టీచరు పక్కన కూర్చుని, "ఆ మీట నొక్కింది నేనే టీచర్," అన్నాను.

"తెలుసు. పరీక్షలో చిట్టీలు పెట్టుకున్న పిల్లలకు చెవులు ఎర్రబడతాయి. నీకూ అంతే."

"మరి తిట్టలేదేం?"

"నువ్వు నోరు తెరవాలని జూన్ నుంచి చూస్తున్నా. తెరిచావు. ఇప్పుడు తిడితే మళ్ళీ మూస్తావు." వెనక సీటు వైపు తల ఊపి, "పోయి తాతకు మాత్రం చెప్పు," అన్నారు.

వెనక సీటుకు వెళ్ళి చెప్పాను. తాత పులిహోర తింటూ విని, "గట్లనా! నేనే ముసలోన్ని అయిపోయిననుకొని పరేషాన్ అయిన గద బిడ్డా," అన్నాడు. ఆయన ముఖంలో కోపం ఎక్కడా లేదు, పెద్ద భారం దిగినట్టు ఉంది. నా పాలిట అదే పెద్ద శిక్ష. మరుసటి శనివారం చూస్తే కీబోర్డు మీద ఆ మీటకు తెల్ల ప్లాస్టర్ అంటించి ఉంది, గాయాలకు వేసేది. దాని మీద జవాబు పత్రాలు దిద్దే ఎర్ర పెన్నుతో "ముట్టరాదు" అని రాసి ఉంది. ఇరవై మందికీ అది ఎవరి కోసమో తెలుసు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఇంట్లో పాడటం మొదలుపెట్టాను. మా నాన్న తలుపు చాటు నుంచి విని, డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళి మాట పడేవాడు. చెన్నైలో ఎం.ఏ.కు దరఖాస్తు చేశాను. అలవాటు కొద్దీ శృతి దగ్గర ఆరు అని రాసేశాను. ప్రవేశ పరీక్షకు బయల్దేరే ముందు భయం పట్టుకుంది. ఏ శృతిలో పాడమంటారని టీచర్ని అడిగాను.

"నాకేం తెలుసమ్మా? ఆ రోజు పొద్దున లేచి టీ అడుగు. ఏ గొంతుతో అడుగుతావో అదే నీది. టీ దగ్గర ఎవరూ గొప్పలకు పోరు."

చెన్నైలో పరీక్ష రోజు పొద్దున టీకొట్టు ముందు నిలబడి, "టీ" అన్నాను. నా గొంతు నాకు సరిగ్గా వినపడలేదు. మళ్ళీ "టీ" అన్నాను. మూడోసారి చెవి మీద చెయ్యి పెట్టుకుని అన్నాను. ఆయన మూడు గ్లాసులు నా ముందు పెట్టాడు. మూడూ తాగి, లోపలికి వెళ్ళి, శృతిపెట్టెను నాలుగున్నరకు తిప్పాను. పరీక్షించే ఆవిడ కాగితం చూసి అడిగారు, "ఆరు అని రాశారే?"

"అది నిరుటి సంగతండీ," అన్నాను.

పాడాను. సీటు వచ్చింది.

బయల్దేరే ముందు శనివారం అందరికీ చెప్పి వెళ్దామని కోదాడ వెళ్ళాను. నా శృతిపెట్టె కూడా సంచిలోనే ఉంది. ఎస్తేరు టీచరు దాన్ని బయటికి తీయించి, తిప్పే బుడిపెను నాలుగున్నర దగ్గర పెట్టించారు. తర్వాత కీబోర్డు మీది ప్లాస్టర్‌ను గోటితో మెల్లగా లేపి, తెచ్చి ఆ బుడిపె మీద అడ్డంగా అంటించారు.

"అయ్యో, మరి కీబోర్డుకు?"

"దానికి ఇంక ప్రమాదం లేదుగా, నువ్వు వెళ్ళిపోతున్నావు," అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, కళ్ళు తుడుచుకోవడానికి చేతిలో ఉన్నది డస్టరే కావడంతో ముఖమంతా సుద్ద అయింది. నేను నవ్వుతూ ఏడ్చాను. ఆ ప్లాస్టర్ ఇప్పటికీ దాని మీదే ఉంది. పండగ కచేరీలకు తోటి అమ్మాయిలు ఆరు, ఆరున్నర అని పందేలు వేసుకుంటున్నప్పుడు నా చెయ్యి ఆ బుడిపె దాకా వెళ్తుంది. ఎర్ర అక్షరాలు తగిలి వెనక్కి వస్తుంది.

పులావు తిన్న సాయంత్రం టీచరుకు ఫోన్ చేశాను. ఆదివారం సాయంత్రం ప్రార్థనలో పాడటానికి వచ్చిన దేవదానం తాత అక్కడే ఉన్నాడట, ఫోన్ లాక్కున్నాడు.

"మంజులమ్మా, గాడ గూడ నా శృతిల్నే పాడుతున్నవా?"

"నీ శృతే తాతా," అన్నాను. నేను చదివే శాస్త్రం ప్రకారం అది పచ్చి అబద్ధం. ఆయన శృతి ఆయనది, నాది నాది.

"సూసినవా టీచరమ్మా, మద్రాసుల గూడ నాదేనంట!" అని తాత అరిచాడు. వెనక నుంచి ఎస్తేరు టీచరు గొంతు వినిపించింది.

"లెక్క సరిపోయింది తాతా. ఫోను పెట్టెయ్, ఇక్కడ పంతొమ్మిది మందిమి నీ కోసం చూస్తున్నాం."